గజేంద్ర మోక్షం సెట్టింగ్‌కి సర్వోలు: మూడోది కలపగానే ఆర్డుయినో రీసెట్ అయిపోతోంది, ఎక్కడ తేడా కొడుతోంది?

తెనాలి_కుర్రోడు:

అందరికీ నమస్తే. ఈసారి చవితికి మా వీధి కమిటీ వాళ్లు పందిట్లో కదిలే బొమ్మలు పెడదామన్నారు, అద్దెకి తెస్తే బోలెడు అడుగుతున్నారని మనమే చేసేద్దాం అని నేను అన్నాను, ఇంకేముంది మొత్తం నా నెత్తిన పడింది. సెట్టింగ్ గజేంద్ర మోక్షం. థర్మకోల్ చెక్కి పైన పేపర్ అతికించి రంగులేసిన ఏనుగు, అయిదడుగుల ఎత్తు. చెవులు రెండూ ఊగాలి, తామరపువ్వు పట్టుకుని తొండం పైకి లేవాలి, కళ్లు అటూ ఇటూ తిరగాలి, కింద మొసలి నోరు తెరిచి మూయాలి. పైనుంచి గరుత్మంతుడి మీద విష్ణుమూర్తి దిగడం మాత్రం తాడూ కప్పీతో మా పెయింటర్ చూసుకుంటానన్నాడు, అది నాకొద్దు.

నా దగ్గరున్నవి: ఆర్డుయినో ఊనో (కోడ్ ఎక్కించి నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు), ఎంజీ996ఆర్ సర్వోలు, అంటే చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటార్లు, నాలుగు (చెవులకి రెండు, తొండానికి ఒకటి, మొసలి దవడకి ఒకటి), కళ్లకి ఎస్‌జీ90 అనే బుల్లి సర్వోలు రెండు. చెరువు నీళ్ల ఎఫెక్ట్ కోసం కింద డబ్ల్యూఎస్2812 ఎల్‌ఈడీ స్ట్రిప్ కూడా వేశాను, 300 లైట్లు, దానికి సప్లై వేరే ఉంది, డేటా వైరు మాత్రం అదే ఊనో నుంచి. సర్వోల పవర్ ఊనోలో 5 వోల్ట్ పిన్ నుంచి బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చుకునే బోర్డు) మీదకి తీసుకున్నాను, ఊనోకి మొబైల్ చార్జర్.

ఒకటి రెండు సర్వోలు పెడితే బానే ఉంటోంది. మూడోది కలపగానే అన్నీ వణుకుతాయి, ఊనో రీసెట్ అయి మళ్లీ మొదటికొస్తుంది. స్విచ్ వెయ్యగానే మొసలి నోరు ఠపీమని మూసుకుంటోంది, ఆ దవడ సర్వో ఊరికే జుయ్యిమంటా ఉండి కాసేపటికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. తొండం అయితే అసలు లేవట్లేదు, మూలుగుతోంది అంతే. కోడ్‌లో ఏమన్నా తప్పుందా అని సర్వో లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) మార్చి చూశాను, అదే తంతు. ఏం చెయ్యమంటారు?

సర్క్యూట్_బాబాయ్:

తమ్ముడూ ముందు కోడ్ పక్కన పెట్టు, నీ రోగం కరెంటుది. ఎంజీ996ఆర్ ఒక్కటి బరువు మీద ఇరుక్కుపోతే 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది, నాలుగూ ఒకేసారి కదలడం మొదలెడితే ఆ ఒక్క క్షణంలో 10 ఆంపియర్లు అడుగుతాయి. నువ్వేమో దాన్ని ఊనో బోర్డులోంచి ఇస్తున్నావు, యూఎస్‌బీ వైపు ఉన్న ఫ్యూజే 500 మిల్లీ ఆంపియర్లది. వోల్టేజీ ఢమాల్న పడిపోద్ది, చిప్పు తనంతట తను రీసెట్ అవుద్ది, మళ్లీ లేచి సర్వోలకి పల్స్ ఇస్తుంది, మళ్లీ పడిపోద్ది. మూడోది పెట్టినప్పుడే ఎందుకంటే అప్పుడే హద్దు దాటుతోంది కాబట్టి. పైగా బ్రెడ్‌బోర్డ్‌లో ఆ క్లిప్పులు ఒక ఆంపియర్‌కే కష్టం, రెండు దాటితే ప్లాస్టిక్ కరుగుద్ది, దాన్ని టెస్టింగ్‌కి ఉంచుకో, పందిట్లోకి మాత్రం తేవద్దు.

ఎల్‌ఈడీ బోర్డులు కట్టేవాళ్ల దగ్గర 5 వోల్టుల 20 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లై దొరుకుద్ది, రేకు డబ్బా, పక్కన జాలీ ఉంటుంది చూడు, అది తీసుకో. దాని మీద చిన్న స్క్రూ ఉంటది, తిప్పితే 5.5 దాకా వస్తుంది, లోడు పెట్టి మీటర్‌తో చూసుకుంటూ అక్కడ సెట్ చెయ్యి. ఎస్‌జీ90లకి కూడా అది ఇబ్బంది కాదు. ఊనోకి మాత్రం వేరే అడాప్టరే ఉంచు, రెండిటి పాజిటివ్‌లు కలపమాకు, గ్రౌండ్ మాత్రం తప్పకుండా కలపాలి. గ్రౌండ్ కలపకపోతే సిగ్నల్‌కి ఆధారం ఉండదు, సర్వోలు దెయ్యం పట్టినట్టు తిరుగుతాయి, ఇక్కడ సగం మంది వచ్చేది ఆ కంప్లైంట్‌తోనే.

ఇంకోటి ఎవరూ చెప్పరు, వైరు సంగతి. ఎస్‌ఎంపీఎస్ స్టేజీ వెనకాల పెట్టి అయిదు మీటర్ల సన్న వైరు లాగావనుకో. అర స్క్వేర్ ఎంఎం వైరుకి మీటరుకి 0.037 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది, పోనూ రానూ పది మీటర్లు, అంటే 0.37. రెండు ఆంపియర్లు పోతే 0.7 వోల్టు వైర్లోనే తినేస్తుంది, సర్వో దగ్గరికి చేరేది నాలుగూ చిల్లర. అదే ఇంటి వైరింగ్‌కి వాడే రెండున్నర వైరు వేస్తే 0.15 వోల్టు పోద్ది అంతే. కాబట్టి మందం వైరు ఏనుగు కడుపు దాకా లాగి అక్కడ ఒక కనెక్టర్ స్ట్రిప్ పెట్టి, పక్కనే 2200 మైక్రోఫారడ్ 16 వోల్ట్ కెపాసిటర్ ఒకటి కట్టి, అక్కణ్ణుంచి సర్వోలకి పంచు. కెపాసిటర్ ప్లస్ మైనస్ చూసి పెట్టు, తిరగబెడితే పేలుద్ది.

కోటి_గల్లీ:

బాబాయ్ చెప్పింది నూటికి నూరు కరెక్ట్ గానీ అన్నా, పవర్ మార్చినంక కూడ నీ సర్వోలు వణుకుతనే ఉంటయ్, ఇప్పుడే చెప్తున్న. నీకు రెండు రోగాలున్నయ్, రెండోది ఆ లైట్ల స్ట్రిప్పు. డబ్ల్యూఎస్2812కి టైమింగ్ మస్తు టైట్, అందుకే దాని లైబ్రరీ డేటా పంపేటప్పుడు ఇంటరప్ట్‌లు (చేసే పని ఆపి అర్జెంటు పని చూడమని చిప్పుకి వచ్చే పిలుపులు) మొత్తం ఆపేస్తది. ఒక్కో లైటుకి 30 మైక్రోసెకండ్లు, నీ 300 లైట్లకి 9 మిల్లీసెకండ్లు. సర్వోకి కావాల్సింది ప్రతి 20 మిల్లీసెకండ్లకి ఒక పల్స్, ఒకటి నుంచి రెండు మిల్లీసెకండ్ల పొడుగు, ఆ పొడుగే దానికి యాంగిల్. ఊనోల సర్వో లైబ్రరీ ఆ పల్స్‌ని టైమర్ ఇంటరప్ట్‌తోని ఆపుతది. మధ్యల లైట్లోడొచ్చి తలుపేసుకుంటే పల్స్ టైముకి ఆగదు, సర్వో ఎటో గుంజుతది. స్ట్రిప్ డేటా వైరు పీకి చూడు, వణుకు తగ్గిందంటే అదే.

మందు ఏందంటే పీసీఏ9685 బోర్డు. 16 ఛానళ్లు, ఊనోతోని మాట్లాడనీకి ఐ2సీ అనే రెండు వైర్లు, పల్స్ పని మొత్తం ఆ చిప్పే చూస్కుంటది, ఊనో ఎంత బిజీగున్నా దానికి ఫరక్ పడది. కోఠి గుజరాతీ గల్లీల ఏ షాపులనన్న ఉంటది, మీ దిక్కు లేకపోతే ఆన్‌లైన్ల తెప్పియ్యు. మూడు విషయాలు యాద్‌పెట్టుకో. దాని లోపలి క్లాక్ 25 మెగాహెర్ట్జ్ అని రాసుంటది గానీ బోర్డు బోర్డుకి కొంచెం తేడా ఉంటది, అందుకని ఒక బోర్డు మీద సెట్ చేసిన నంబర్లు ఇంకో బోర్డు మీద అట్లనే పని చేస్తయ్ అనుకోకు, లైబ్రరీల ఆసిలేటర్ సెట్ చేసే ఫంక్షన్ ఉంది, సర్వో నడిమిట్ల నిలబడేదాక సవరించుకో. ఇంగ ఆ పచ్చ స్క్రూ టెర్మినల్ల నుంచి పది ఆంపియర్లు పంపకు, ఆ ట్రాక్‌లు అంత మోయవు. పెద్ద సర్వోల ప్లస్ మైనస్ సీదా కనెక్టర్ స్ట్రిప్ నుంచి తీస్కొని, బోర్డు నుంచి సిగ్నల్ వైరు, గ్రౌండు మాత్రం తీస్కో. ఐ2సీ వైర్లు పొడుగు చెయ్యకు, ఊనో, పీసీఏ రెండూ ఒకే డబ్బాల పెట్టి ఏనుగు లోపల్నే ఉంచు.

స్విచ్ వేయంగనే మొసలి నోరు కొట్టుకునేదానికి, బోర్డు మీద ఓఈ (ఔట్‌పుట్ ఎనేబుల్) అని పిన్నుంటది. దానికీ చిప్పుకిచ్చే ఊనో 5 వోల్టుకీ నడిమిట్ల వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ కట్టు, ఊనో పిన్ ఒకటి కూడ దానికియ్యి. పవర్ రాంగనే అన్ని ఔట్‌పుట్‌లు బంద్ ఉంటయ్, నీ కోడ్ మొదటి పొజిషన్లు రాసినంక ఆ ఊనో పిన్నుని సున్నా వోల్టుకి (LOW) తెస్తే అప్పుడు మొదలైతయ్. మొదటి పొజిషన్ అంటే బొమ్మ ఆగినప్పుడు సహజంగ ఏ భంగిమల ఉంటదో అదే పెట్టు, అప్పుడు లేచి దుంకదు.

తెనాలి_కుర్రోడు:

అన్నా మీరు చెప్పింది నిజమే, స్ట్రిప్ వైరు పీకితే సగం వణుకు పోయింది. పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో 5 వోల్ట్ లైన్ తీసి టెస్ట్ చేశాను, రీసెట్ అవ్వడం పూర్తిగా ఆగింది. పీసీఏ ఆర్డర్ పెట్టాను. దవడ సర్వో వేడి మాత్రం అలాగే ఉంది, తొండం ఇంకా మూలుగుతానే ఉంది. తొండం నాలుగడుగులు, తామరపువ్వుతో కలిపి కిలోన్నర ఉంటుంది. 20 కేజీల సర్వో అని అమ్ముతున్నారు కదా, అది వేస్తే లేస్తుందా?

ఆటోనగర్_ఫిట్టర్:

లేవదు. లెక్క చూడు. సర్వో మీద కేజీలు అని రాసేది ఉట్టి కేజీలు కాదు, కేజీ సెంటీమీటర్లు, అంటే ఇరుసు నుంచి ఒక సెంటీమీటర్ దూరంలో ఎంత ఎత్తగలదో అది. నీ తొండం కిలోన్నర, దాని బరువు మధ్యలో అనుకుంటే ఇరుసు నుంచి 60 సెంటీమీటర్లు. అడ్డంగా చాచినప్పుడు 90 కేజీ సెంటీమీటర్లు కావాలి. ఎంజీ996ఆర్‌కి 5 వోల్టుల దగ్గర 9, 10 వస్తే గొప్ప, అది కూడా అసలు సరుకైతే. 20 కేజీలది తెచ్చినా పావు వంతు కూడా కాదు. సర్వో అంటే చిన్న చిన్న కదలికలకి గానీ దూలాలెత్తడానికి కాదు.

దీనికి కారు వైపర్ మోటార్ తెచ్చుకో. బెజవాడ ఆటోనగర్‌లో పాత కార్లు విప్పే షాపుల్లో చూడు, 12 వోల్టులు, లోపల వార్మ్ గేర్ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా తొండం కిందికి జారిపోదు. మోటార్ ఇరుసుకి చిన్న క్రాంకు (ఇరుసుతో పాటు తిరిగే పొట్టి చెయ్యి) బిగించి, అక్కణ్ణుంచి రాడ్ తీసి తొండం వెనక భాగానికి కలుపు. మోటార్ ఎప్పుడూ ఒకవైపే తిరుగుద్ది, క్రాంకు వల్ల తొండం పైకీ కిందికీ పోద్ది, ఎండ్ స్విచ్‌లు అక్కర్లేదు, ఎక్కడా కొట్టుకోదు. ఎంత ఎత్తు లేవాలో అది క్రాంకు పొడుగు బట్టి, దానికి మూడు బెజ్జాలు వేసి పెట్టుకో, ఏది బాగుంటే అందులో పిన్ను గుచ్చు. స్పీడు ఎక్కువనిపిస్తుంది, మోటార్ డ్రైవర్ బోర్డు పెట్టి ఊనో నుంచి తగ్గించుకో, తొండానికి నిమిషానికి ఆరేడు సార్లు చాలు. తొండం ఇరుసు వెనక వైపు కౌంటర్ వెయిట్ కట్టు, ఇసక నింపిన బాటిల్ చాలు, మోటార్ మీద సగం భారం తగ్గుద్ది.

చెవులకీ దవడకీ సర్వోలు సరిపోతాయి గానీ బరువు సర్వో ఇరుసు మీద వెయ్యమాకు. చెవి సొంత కీలు మీద నిలబడాలి, డోర్ కీలు చాలు, సర్వో దాన్ని తోసి లాగాలి అంతే. తోసే రాడ్‌కి సైకిల్ పుల్లలు వాడు, రెండు ఎంఎం స్టీలు, వంగవు, చివర మరలు ఉంటాయి కాబట్టి నిపిల్ తిప్పి పొడుగు సరిచేసుకోవచ్చు, సైకిల్ షాపులో గుప్పెడు ఇస్తారు. దవడ సర్వో వేడెక్కేది ఎందుకంటే నోరు మూసుకున్నాక కూడా ఇంకా మూయమని నువ్వు చెబుతున్నావు, అది పళ్లు కొరుకుతా తోస్తానే ఉంది. రాడ్ విప్పేసి, దవడ చేత్తో మూసి, ఆ కోణం దగ్గర సర్వో ఎక్కడ ఉండాలో చూసి బిగించు, రెండు డిగ్రీలు ఇవతలే ఆపు.

డల్లాస్_తెలుగోడు:

భలే థ్రెడ్ అండీ. నేను ఇక్కడ అక్టోబర్ 31 హాలోవీన్‌కి ఇంటి ముందు అస్థిపంజరాలు మాట్లాడేలా చేస్తుంటాను, తర్వాత క్రిస్మస్‌కి లైట్లు, కాబట్టి ఈ సర్వోల బాధ నాకు బాగా తెలుసు. అమెరికాలో ఈ పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది పోలోలు మాస్ట్రో అనే రెడీమేడ్ కంట్రోలర్ వాడతారు, 6 ఛానళ్ల నుంచి 24 దాకా వస్తుంది, కంప్యూటర్‌లో స్లైడర్లు జరిపి పొజిషన్లు సేవ్ చేసుకోవచ్చు, ఒక్కో ఛానల్‌కి స్పీడు, యాక్సిలరేషన్ విడివిడిగా పెట్టుకోవచ్చు. పల్స్ కూడా పావు మైక్రోసెకండ్ వరకు సన్నంగా సెట్ అవుతుంది. పాటతో లైట్లూ బొమ్మలూ కలిపి నడపాలంటే ఎక్స్‌లైట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో సీక్వెన్స్ చేసి, రాస్‌ప్బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద ఫాల్కన్ ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి ఆడిస్తారు, ఆ ప్లేయర్ మీ పీసీఏ9685ని కూడా నేరుగా నడుపుతుంది. లైట్ల ఛానల్ ఒకటి 8 బిట్లే, అంటే 180 డిగ్రీలని 255 మెట్లుగా కోస్తుంది, మెట్టుకి 0.7 డిగ్రీ, 40 సెంటీమీటర్ల చెవి కొస దగ్గర అర సెంటీమీటర్ జంప్. మెల్లగా కదిలేటప్పుడు అది కంటికి తెలిసిపోతుంది, అందుకే సర్వోకి 16 బిట్ ఛానల్ పెట్టుకోండి.

కోటి_గల్లీ:

మాస్ట్రో మంచిదే కాదనను గానీ భయ్యా, ఎంజీ996 డెడ్‌బ్యాండే 5 మైక్రోసెకండ్లు, అంతకన్న సన్న మార్పు ఇస్తే అది కదలనే కదలది. పీసీఏ మెట్టు 4.9 మైక్రోసెకండ్లు, సరిగ్గ సరిపోయింది. ఇంపోర్ట్ పైసలు పెట్టి పావు మైక్రోసెకండ్ తెచ్చుకుంటే దండుగ కదా.

డల్లాస్_తెలుగోడు:

రిజల్యూషన్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. నేను చెప్పేది ఆ యాక్సిలరేషన్ గురించి. బొమ్మ బతికున్నట్టు కనిపించాలా, యంత్రంలా కనిపించాలా అనేది మొత్తం అక్కడే తేలుతుంది. అది కోడ్‌లో రాసుకోగలిగితే మాస్ట్రో అక్కర్లేదు నిజమే.

తెనాలి తమ్ముడు చెవికి ఈ చివర నుంచి ఆ చివరకి పొమ్మని ఒకే కమాండ్ ఇస్తున్నాడనుకుంటున్నాను. ఎంజీ996 60 డిగ్రీలు 0.17 సెకండ్లో తిరిగేస్తుంది, థర్మకోల్ చెవి ఆ ఊపుకి లెంపకాయ కొట్టినట్టు విసురుతుంది, రెండో రోజుకి గమ్ ఊడిపోతుంది. ప్రతి 20 మిల్లీసెకండ్లకి కొంచెం కొంచెం జరపాలి. 60 డిగ్రీలు రెండు సెకండ్లలో అంటే 100 అడుగులు, కానీ అడుగులన్నీ సమానంగా వెయ్యొద్దు, మొదట్లో చిన్నవి, మధ్యలో పెద్దవి, చివర మళ్లీ చిన్నవి. కొసైన్ వాడితే ఒక్క లైన్‌లో అయిపోతుంది: ఒకటిలోంచి కొసైన్ తీసేసి సగం చేస్తే సున్నా నుంచి ఒకటి దాకా సాఫీగా పోయే నంబర్ వస్తుంది, దాన్ని ప్రయాణం పొడుగుతో గుణించండి. డిలే ఫంక్షన్ మాత్రం వాడొద్దు, ఒక చెవి కదులుతుంటే మిగతావన్నీ ఆగిపోతాయి, మిల్లీస్ (బోర్డు ఆన్ అయ్యి ఎన్ని మిల్లీసెకండ్లయిందో చెప్పే ఫంక్షన్) చూసుకుంటూ ప్రతి సర్వోకి దాని సొంత టైమ్ లెక్క ఉంచండి.

తర్వాత రెండు చెవులూ ఒకేసారి ఊపకండి. ఎడమది మొదలైన పావు సెకండ్‌కి కుడిది మొదలవ్వాలి, కుడిది కొంచెం తక్కువ ఊగాలి. నాలుగైదు ఊపుల తర్వాత కాసేపు ఊరుకోవాలి, ఆ ఆగే టైమ్ ప్రతిసారీ వేరుగా ఉండేలా ర్యాండమ్ నంబర్ పెట్టండి. కళ్లు ముందు తిరగాలి, ఆ తర్వాతే తొండం లేవాలి, ఏనుగు పైకి చూసి స్వామిని పిలుస్తున్నట్టు ఉంటుంది. మొసలికి రివర్స్: నోరు చాలా మెల్లగా తెరవాలి, మూయడం గబుక్కున. పిల్లలు అక్కడే కేకలేస్తారు.

తెనాలి_కుర్రోడు:

కళ్లు ముందు, తొండం తర్వాత, ఇది సూపర్ అండీ, ఇవాళ రాత్రే చేసి చూస్తాను. వైపర్ మోటార్ కోసం మా బావ ఆదివారం బెజవాడ వెళ్తున్నాడు. ఒక డౌట్, తొండం మోటార్ అలా తిరుగుతానే ఉంటే దాన్ని కళ్లతో ఎలా కలపాలి? పద్యం ఆడియో కూడా పెట్టాలని ఉంది. పైగా ఇది తొమ్మిది రోజులు, రోజూ సాయంత్రం నుంచి రాత్రి దాకా ఆడాలి, మధ్యలో వాన, కరెంటు పోతే జనరేటర్. ఇవన్నీ తట్టుకుంటుందా?

ఆటోనగర్_ఫిట్టర్:

క్రాంకు కింద మైక్రో స్విచ్ ఒకటి పెట్టు, తొండం పూర్తిగా కిందికి వచ్చినప్పుడు నొక్కుకునేలా. ఊనో ఆ స్విచ్ చూసి మోటార్ ఆపుద్ది, కళ్లు తిప్పడం అయ్యాక మళ్లీ వదులుద్ది. ఆడియోకి డీఎఫ్‌ప్లేయర్ మినీ అని మెమొరీ కార్డు పెట్టే చిన్న బోర్డు ఉంది, దాని బిజీ పిన్ చూస్తే పద్యం అయిపోయిందో లేదో ఊనోకి తెలుసుద్ది. మోటార్‌కి 12 వోల్టుల సప్లై విడిగా పెట్టు, దాన్ని సర్వోల లైన్‌తో కలిపితే మళ్లీ మొదటి కథే. క్రాంకు తిరిగే చోట రేకో ప్లైవుడ్డో అడ్డం కొట్టు, వైపర్ మోటార్‌కి వేలు అడ్డొచ్చిందని తెలీదు.

సర్క్యూట్_బాబాయ్:

వాన దగ్గర మొహమాటం వద్దు. పందిట్లోకొచ్చే లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) కచ్చితంగా పెట్టించు, కమిటీ వాళ్లు ఖర్చంటే నా పేరు చెప్పు. ఎర్త్ రాడ్ పాతించు, ఉట్టి నీళ్ల పైపుకి వైరు చుట్టి ఎర్త్ అనొద్దు. 230 వోల్టులు స్టేజీ వెనకాల ఎత్తులో ఉన్న డబ్బాలోనే ఆగిపోవాలి, ఏనుగు దగ్గరికి వెళ్లేవి 5, 12 వోల్టులే. డబ్బాకి వైర్లు కింది వైపు నుంచి రానివ్వు, పై నుంచి వస్తే నీళ్లు వైరు పట్టుకుని లోపలికి నడుస్తాయి.

జనరేటర్‌కి మారేటప్పుడు కరెంటు కాసేపు ఉండదు, ఊనో మళ్లీ మొదటి నుంచి లేస్తుంది, కోటి తమ్ముడు చెప్పిన ఓఈ పిన్ను ఉంటే ఏమీ కొట్టుకోదు, తొండం స్విచ్ దొరికేదాకా మెల్లగా తిప్పి అప్పుడు మొదలెట్టమను. జనరేటర్ స్టార్ట్ అయిన మొదటి నిమిషం వోల్టేజీ నిలకడగా ఉండదు, కుదుటపడ్డాకే చేంజోవర్ వెయ్యమని ఆపరేటర్‌కి చెప్పు.

తొమ్మిది రోజుల్లో సర్వో ఒకటైనా పోద్ది, ఎస్‌జీ90లయితే ప్లాస్టిక్ పళ్లు కాబట్టి ముందు అవే పోతాయి, వీలైతే కళ్లకి మెటల్ గేర్ ఎంజీ90ఎస్‌లు వెయ్యి, అదే సైజు. కదలని టైములో కళ్లకీ చెవులకీ పల్స్ ఆపెయ్యి, ఊరికే పట్టుకుని నిలబడే పని వాటికి ఎందుకు. విడి సర్వోలు ముందే 1500 మైక్రోసెకండ్ల దగ్గర నిలబెట్టి, ఆర్మ్ బిగించి, ఏది దేనికో టేపు మీద రాసి పెట్టుకో, జనం ముందు నిలబడి మార్చేటప్పుడు కొలతలు చూసే తీరిక ఉండదు. ఏనుగు వీపు మీద తలుపు కోశావా లేదా? అంబారీ కింద కొయ్యి, గుడ్డ కప్పితే కనపడదు.

తెనాలి_కుర్రోడు:

తలుపు కొయ్యలేదు బాబాయ్ గారూ, పెయింటర్ ఇప్పుడే వీపు మీద బంగారు రంగు వేసి ఆరబెట్టాడు. అడిగి చూస్తాను, తిట్టకపోతే రేపే కోసేస్తాను.